వెళ్ళొస్తామన్న పాపానికి

ముందే చెప్పేస్తున్నాను, ఆ పార్కు మీద నాకు కోపమేమీ లేదు. అక్కడ పనిచేసేవాళ్ళంతా మర్యాదస్తులు. ఆ ఒక్కరోజులో మాకు జరిగిన మర్యాద మా రెండు వైపుల వంశాల్లోనూ ఎవరికీ జరిగి ఉండదు. ఆ మర్యాద వల్లనే ఇవాళ మా ఇంటికి తాళం వేసి ఉంది.

మేము ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది. మా ఆయన ఆంజనేయులు లిఫ్టులు తనిఖీ చేసే కంపెనీలో పనిచేస్తారు. ఆయనకి ఇక్కడి సిస్టమ్ అంటే ప్రాణం. నరమానవుడు లేని రోడ్డు మీద ఎర్రదీపం దగ్గర కారాపుకుని, "చూశావా హైమా, సిస్టమంటే ఇదీ!" అని మురిసిపోతారు. ఇస్త్రీపెట్టె కొన్నా, దానితో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి గానీ ప్లగ్గు పెట్టరు. నా పోపులడబ్బాలో గిన్నెలకి కూడా నంబర్లు అంటించారు. నాలుగో నంబరు అంటే మెంతులు.

మా అత్తగారు సామ్రాజ్యమ్మగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలుంది. ఆ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఆవిడ విమానం. ఊళ్ళో మా ఆడపడుచు పావనికి నెలలు నిండాయి, డాక్టరు చెప్పిన తారీఖుకి ఇంకా ఐదు రోజులుంది. తొలి కాన్పు. కూతురు నీళ్ళాడేటప్పుడు తను పక్కన ఉండాలని ఆవిడ వారం ముందునుంచీ పెట్టె సర్ది, దాని మీదే కూర్చుంది.

సరిగ్గా ఆ రోజే మా ఆయన కంపెనీ వాళ్ళు ఇచ్చిన పాసులకి ఆఖరి రోజు. 'విశ్వ సంస్కృతుల వనం' అని, ఊరి చివర పెద్ద పార్కు. దేశానికో మంటపం, మంటపానికో వంటకం, వంటకానికో డ్యాన్సు.

"పెట్టెలు డిక్కీలో పడేద్దాం. పదింటికి లోపలికి, మూడున్నరకి బయటికి, నాలుగున్నరకల్లా ఎయిర్‌పోర్టు. అంతా సిస్టమ్ ప్రకారం జరిగిపోద్ది," అన్నారు మా ఆయన.

"నాకెందుకురా ఇయ్యన్నీ," అంది అత్తగారు. మా అమ్మాయి లహరి మొహం చిన్నబోయింది. తొమ్మిదేళ్ళ మనవరాలు మొహం చిన్నబుచ్చుకుంటే ఆవిడ తట్టుకోలేదు. "సరే పదండి, పిల్ల ముచ్చట పడతంది," అని తనే ముందు కారెక్కింది.

పార్కు గేటు మీద 'ఇక్కడ ఎవరూ పరాయివారు కారు' అని నూట పద్నాలుగు భాషల్లో రాసి ఉంది. తెలుగు కూడా ఉంది. మా ఆయన దానికి ఫోటో తీశారు.

అక్కడో కొత్త నియమం పెట్టారు. కిందటేడు ఎవరో సందర్శకుడు, గేటు దగ్గర తన చేత పరాయిభాషలో పలకరింపు చెప్పించారని నొచ్చుకున్నాడట. యాజమాన్యం వాళ్ళు ఆరు నెలలు కమిటీలు వేసుకుని తేల్చిందేమంటే, ఇకనుంచి గేట్ల దగ్గర ఎవరైనా సరే మాతృభాషలోనే, తమ ఆచారం ప్రకారమే మాట్లాడాలి. ఇంకో భాషలో మాట్లాడితే వినిపించుకోరు. అధికారుల మెడలో ఒక పెట్టె వేలాడుతుంటుంది. మనం అన్నది దానికి అర్థమై, వాళ్ళకి చెబుతుంది. వాళ్ళు అన్నది మనకి చెబుతుంది. దానికి తెలుగు ఎవరు నేర్పారో గానీ, పాతకాలం తహసీల్దారు కచేరీ నోటీసులన్నీ మింగేసినట్టు మాట్లాడేది.

"స్వాగతము," అంది పెట్టె. "తెలుగు భాష ఈ మాసముననే చేర్చబడినది. తమరే ప్రథమ లబ్ధిదారులు. తమ సంస్కృతి ప్రకారము అధికారిని పలకరింపవలెను."

మా అత్తగారు గేటు అధికారిని ఎగాదిగా చూసింది. పాపం సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"అన్నం తిన్నావా నాయనా? మొహం అట్టా పీక్కుపోయిందేంది?" అంది.

పెట్టె అతనికి చెప్పింది. అతను పుస్తకం తిరగేసి, ఏదో పేజీ చదువుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"అతిథి ఆందోళనను గౌరవించుట మా ప్రథమ కర్తవ్యము," అంది పెట్టె. "అధికారి భోజనమునకు వెళ్ళుచున్నాడు."

నిజంగానే బోర్డు తిప్పేసి వెళ్ళిపోయాడు. ఉదయం పదింటికి భోజనం. మా వెనక రెండొందల మంది క్యూ. అరగంటకి తిరిగొచ్చి, "భుజించితిని," అని పెట్టె చేత చెప్పించాడు.

"ఏం కూర?" అంది అత్తగారు.

నేను చెయ్యి నొక్కేలోపే అనేసింది. ఏం కూరో కనుక్కురావడానికి అతనికి ఇంకో పది నిమిషాలు పట్టింది. దాన్ని మర్యాద కాదంటే నా కళ్ళు పోతాయి.

లోపల బాగానే ఉంది. లహరి మూడు ఖండాలు చుట్టి, నాలుగో ఖండంలో ఐస్ తిని, ఐదో ఖండంలో కాలు బెణికించుకుంది. మన మంటపంలో పులిహోర పెట్టారు. చింతపండు బదులు ఏదో పుల్లటి పొడి కలిపారు. అత్తగారు ఒక ముద్ద తిని "చాలు, వద్దు," అంది. వడ్డించేవాడు ఇంకో గరిటె వేశాడు. "వద్దు బాబూ," అంది. ఇంకో గరిటె. నేను గొడవకి దిగితే వాడు చేతిపుస్తకం చూపించాడు. తెలుగువారు మొహమాటం చేత మూడుసార్లు వద్దంటారనీ, నాలుగోసారి అన్నదే నిజమైన వద్దనీ అందులో ఉంది. సరే నాలుగోసారి కూడా అందావిడ, కానీ నవ్వుతూ అంది. నవ్వితే లెక్క మళ్ళీ మొదటినుంచి అట. ఆ పులిహోర అంతా చివరికి మా ఆయన తిన్నారు.

"పర్ఫెక్ట్ సిస్టమ్. మన మొహమాటం సంగతి కూడా తెలుసు వీళ్ళకి," అన్నారు ఆయాసపడుతూ.

మూడున్నరకి బయటికి వెళ్ళే గేటు దగ్గరికి చేరాం. కౌంటర్లో డెర్విన్ అని ఒక లావుపాటి పెద్దమనిషి. ఆయన మెడలోనూ పెట్టె. మాతృభాషలో వీడ్కోలు చెప్పాలి, మన ఉద్దేశం ఏమిటో పెట్టె తేలుస్తుంది, గేటు తెరుచుకుంటుంది. మా ముందు కుటుంబం ఏదో భాషలో ఒక్క ముక్క చెప్పింది. పచ్చదీపం వెలిగింది, వెళ్ళిపోయారు.

అత్తగారు చేతులు జోడించి నిండుగా చెప్పింది. "వెళ్ళొస్తాం బాబూ. పిల్లాపాపల్తో చల్లగా ఉండు."

పసుపు దీపం వెలిగింది.

"అతిథులు వెళ్ళి, మరల వచ్చెదరు," అంది పెట్టె. "ఇది తాత్కాలిక నిష్క్రమణము. పదిహేను నిమిషములు మాత్రమే."

ఒక చిన్న తలుపు తెరుచుకుంది. అవతల చుట్టూ కంచె, నాలుగు బల్లలు, ఒక కొళాయి. కంచెకి అటువైపే పార్కింగ్. మా కారు కనిపిస్తూనే ఉంది. "అదుగో మన కారు!" అని లహరి చెయ్యూపింది. పదిహేను నిమిషాలు మా కారుని మేము చూశాం. తర్వాత గంట మోగింది, లోపలికి పిలిచి తలుపు మూసేశారు. "పునరాగమనమునకు ధన్యవాదములు," అంది పెట్టె.

"మీరుండండి అత్తయ్యా, నేను చెప్తాను," అని నేను ముందుకెళ్ళాను. వెళ్ళడం అన్న మాటే ఎత్తకూడదనుకుని, పక్కింటి నుంచి లేచొచ్చేటప్పుడు చెప్పినట్టు, "వస్తామండీ," అన్నాను.

ఎర్రదీపం వెలిగింది.

"వచ్చువారు ప్రవేశ ద్వారము వద్దకు చేరవలెను. ఇది నిష్క్రమణ ద్వారము."

కరెంటు బండి ఒకటి వచ్చి, మా నలుగురినీ ఎక్కించుకుని, కిలోమీటరున్నర అవతల ఉన్న మొదటి గేటు దగ్గర దింపింది. మళ్ళీ పూలదండలు, మళ్ళీ పానకంలాంటిదేదో. సన్నటి అధికారి అక్కడే ఉన్నాడు. అత్తగారు నోరు తెరవబోతే నేను చేత్తో మూసేశాను. ఈసారి కాఫీ తాగావా అని అడిగి ఉండేది. ఆ గేటు నుంచే బయటికి పోవచ్చు కదా అంటే, అది ప్రవేశ ద్వారమట.

మళ్ళీ నడిచి డెర్విన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగుంబావు. మా ఆయన నా వైపు జాలిగా చూశారు.

"మీకు తెలుగు రాదు, అదీ వచ్చిన చిక్కు. సిస్టమ్‌కి కావాల్సింది స్పష్టత." గొంతు సవరించుకుని, పెట్టె వైపు వంగి, అక్షరం అక్షరం విడదీసి, "సె-ల-వు," అన్నారు.

డెర్విన్ మొహం వికసించింది. లేచి నిలబడి టోపీ తీశాడు.

"అతిథి సెలవు ప్రకటించిరి," అంది పెట్టె. "అతిథి సంస్కృతిలోని పర్వదినములు మాకును పర్వదినములే. అరగంట సెలవు."

ఎనిమిది కౌంటర్లకీ షట్టర్లు దిగిపోయాయి. లోపల నుంచి చప్పట్లు వినిపించాయి. ఒకావిడ వచ్చి, పండగ శుభాకాంక్షలని మా ఆయనకి మిఠాయి ఇచ్చి వెళ్ళింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. నేను అనాల్సినవన్నీ ఆరేళ్ళకి సరిపడా లోపల పోగేసుకున్నాను. ఆయన ఊరికే కూర్చోలేక, అక్కడ వేలాడదీసిన నియమావళి పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టారు.

షట్టర్లు లేచేసరికి నాలుగూ యాభై. ఈసారి లహరి మాకెవరికీ చెప్పకుండా కుంటుకుంటూనే పరుగెత్తి, "బై అంకుల్!" అని అరిచింది.

సైరన్ మోగింది. చిన్నదే, మర్యాదగానే మోగింది.

"పరభాషా మాలిన్యము," అంది పెట్టె. "శిశువు వయస్సు తొమ్మిది. సంస్కృతి క్షీణించుచున్నది. తక్షణ పునరుద్ధరణ అవసరము."

లహరిని పక్క గదిలో కూర్చోబెట్టి అచ్చులన్నీ అప్పజెప్పించుకున్నారు. ఋ దగ్గర ఆగిపోయింది. తలుపు సందులోంచి నేను అందించాను. బయటికొచ్చాక ఏడుపు మొహంతో, "ఇంకెప్పుడూ బై అనను," అంది. ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది.

ఈ గొడవకి పైఅధికారిణి వచ్చింది. మేడమ్ ఒడెట్. సాంస్కృతిక నిజాయితీ విభాగానికి అధిపతి. ఆవిడ పెట్టెకి బంగారు అంచు ఉంది.

"తమ కుటుంబము పరస్పర విరుద్ధ ప్రకటనలు చేసియున్నది," అంది ఆవిడ పెట్టె. "వెళ్ళి వచ్చెదమనిరి. వచ్చెదమనిరి. సెలవనిరి. తెలుగు సంప్రదాయమున పెద్దల మాటయే చెల్లుబాటగునని మా పరిశోధనలో తేలినది. కావున నిష్క్రమణ విషయమున ఇక వృద్ధ మాతృమూర్తి ప్రకటన ఒక్కటే స్వీకరింపబడును. ప్రామాణిక వాక్యమును తెరపై చూడుడు."

తెర మీద పెద్ద అక్షరాలతో పడింది. 'మేము పోతున్నాము. మరల రాము.'

లహరి కూడబలుక్కుని పైకి చదివింది. అత్తగారు రెండు చెవులూ మూసుకుంది.

"ఛీ ఛీ! నోరు కడుక్కోండి! అక్కడ ఆడపిల్ల నీళ్ళాడబోతంటే, పోతున్నాం, మళ్ళీ రాం అనిపిస్తారా నా చేత?"

పెట్టె మీద దీపం గిరగిరా తిరిగింది. "మాతృమూర్తి తన కుమార్తెతో కూడి స్నానము చేయగోరుచున్నారు. ఈతకొలను ఐదు గంటలకు మూయబడినది. చింతించుచున్నాము."

"అమ్మా, ఒక్క ముక్క అనెయ్యవే. ఉత్త మిషనే గదా," అన్నారు మా ఆయన.

"మిషనైతే ఏందిరా, పైన తథాస్తు దేవతలుంటారు. ఇంటో పురుడు పెట్టుకుని ఆ మాట అంటే ఎవరికి తగులుద్దో! నేననను. ఇక్కడే కూర్చుంటా."

అప్పుడు ఫోన్ మోగింది. పావని మొగుడు. పావనికి నొప్పులు మొదలయ్యాయట, ఆస్పత్రికి తీసుకొచ్చారట. ఐదు రోజులు ముందే. "అత్తయ్యగారు బయల్దేరారా?" అని అడుగుతున్నాడు. బయల్దేరారని చెప్పాను. నా కళ్ళెదురుగా ఆవిడ బల్ల మీద కూర్చుని ఉంది.

ఐదుంబావు. ఆరింటికి కారు కదలకపోతే విమానం లేదు. ఈ విమానం పోతే మళ్ళీ సీటు నాలుగు రోజులకి గానీ లేదు.

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. "అంటాలే," అంది. పెట్టె ముందు నిలబడింది. పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. 'పో' అని అని, అక్కడే ఆగిపోయి, నా భుజం పట్టుకుంది.

"నాకు నోరు రావట్లేదమ్మా హైమా. దానికేమన్నా అయితే నేనన్న మాటే గుర్తొస్తది గదా నాకు జన్మంతా."

నిజం చెప్పొద్దూ, ఆవిడ ఎప్పుడు వెళ్తుందా అని నేను నెల నుంచీ వేళ్ళు మడిచి లెక్కేసుకుంటున్నాను. ఆ క్షణంలో మాత్రం ఏడుపొచ్చింది. ఆ పెట్టెని తీసి కొళాయి కింద పెట్టాలన్నంత కోపం వచ్చింది.

"హైమా, ఒక రూలుంది," అన్నారు మా ఆయన. ఆయన రెండొందల పేజీల నియమావళిని చివరికంటా చదివేసి, వేలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. "ఎనభై ఎనిమిదో నిబంధన. ఇక్కడ నివాసం ఉండేవాళ్ళు తమ ఇంటి చుట్టాల్ని తామే సాగనంపొచ్చు. చుట్టాలు ఏ ప్రకటనా చెయ్యక్కర్లేదు."

"ఇక్కడ నివాసం ఉండేదెవరు?"

"మాతృభాషలో ఉంటానని చెప్పినవాళ్ళు. బయటికి పోవడానికే పెద్దవాళ్ళ మాట కావాలి. ఉండిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

నాకు అర్థమయ్యేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టె దగ్గరికి వెళ్ళిపోయారు. "ఏవండీ!" అని నేను అనేలోపే అనేశారు.

"ఉంటాను."

అన్ని దీపాలూ ఒక్కసారే పచ్చగా వెలిగాయి. ఎక్కడో సన్నాయి మోగింది. మేడమ్ ఒడెట్ స్వయంగా ఆయన భుజాన పట్టు కండువా కప్పింది. "నేటికి తెలుగు మంటపమునకు ఒక గృహస్థుడు లభించెను," అంది బంగారు అంచు పెట్టె.

ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగారు. "వెళ్ళిరామ్మా," అన్నారు. గేటు తెరుచుకుంది.

"వెళ్ళొస్తా నాయనా," అంది ఆవిడ. ఈసారి ఎవరూ తప్పు పట్టలేదు.

నేనే కారు నడిపాను. తలుపులు మూయడానికి ఆరు నిమిషాల ముందు అత్తగారు విమానం ఎక్కింది. తెనాలిలో ఆవిడ ఆటో దిగిన గంటకి పావని నీళ్ళాడింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

మా ఆయనకి ఇప్పుడు పార్కులో గది ఉంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా తెలుగు మంటపంలో వాలుకుర్చీలో కూర్చుని, పేపరు చదువుతూ కాఫీ తాగుతారు. ముందర తాడు కట్టి, 'సగటు తెలుగు గృహస్థుడు, తాకరాదు' అని బోర్డు పెట్టారు. లిఫ్టు కంపెనీ వాళ్ళు పరాయి సంస్కృతికి సేవ అని గౌరవంగా సెలవిచ్చారు. ఆ నివాసం నెలరోజులే, అందాకా గేటు దాటనివ్వరు. నెల తిరిగితే దానంతటదే రద్దవుతుంది, ఆఖరి రోజున ఆయన నోటితో మళ్ళీ ఉంటానని అంటే తప్ప.

రోజుకోసారి ఫోన్ చేసుకోనిస్తారు, ఆ పెట్టె ద్వారానే. మొదటి నెల ఆఖరి రోజున వాళ్ళమ్మతో మాట్లాడారు.

"పిల్లకి నీ ముక్కే వచ్చిందిరా. ఎప్పుడొస్తావు చూడ్డానికి?" అని అడిగిందావిడ.

"వస్తానమ్మా, రేపు బయటపడగానే టిక్కెట్టు చూస్తా. సరే, ఉంటాను మరి," అన్నారు ఈయన.

"నివాసము పొడిగింపబడినది. ధన్యవాదములు," అంది పెట్టె.

రెండో నెలా అంతే. ఫోన్ పెట్టేసేటప్పుడు ఆ మాట అనకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు.

మూడో నెల ఆఖరి రోజు నిన్న. ఫోన్ రాగానే గట్టిగా చెప్పాను, చచ్చినా ఆ మాట అనొద్దని. "అననుగాక అనను," అన్నారు. అరగంట మాట్లాడుకున్నాం. మాటలు అయిపోయాయి. ఆయన పెట్టెయ్యరు, నేను పెట్టెయ్యను. ఏం చెప్పి పెట్టెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. "ఆఁ, ఇంకేంటి?" అన్నారు. "ఏముంది, అంతే," అన్నాను. మళ్ళీ ఊపిరి.

బడి నుంచి వచ్చిన లహరి మా వాలకం చూసి, విసుక్కుని, నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. అది బై అనడం మానేసి మూడు నెలలైంది.

"సరే నాన్నా," అంది, "ఉంటాం."

అటువైపు సన్నాయి మోగింది.

"మిగిలిన కుటుంబ సభ్యులు ఇరువురు," అంది పెట్టె. "గది పెద్దది చేయబడుచున్నది. స్వాగతము."

ఇవాళ పొద్దున పదింటికి కరెంటు బండి మా గుమ్మం ముందు ఆగింది. పోపులడబ్బా సంచిలో పెట్టుకుని నేను తాళం వేస్తుంటే, పై అంతస్తు తెలుగావిడ మెట్ల మీంచి తొంగి చూసి, "ఎక్కడికండీ, పెట్టెలతో బయల్దేరారు?" అని అడిగింది.

"ఇక్కడికేనండీ," అన్నాను. "వెళ్ళొస్తాం."